ఒక్క తూటా కాక

శనివారం పొద్దున వాషింగ్ మెషీన్లో బట్టలు వేస్తుంటే ఫోన్ వచ్చింది. షార్జా ఊరు దాటి ఎడారి వైపు అరగంట పోతే, డబ్బు కట్టి తుపాకులు కాల్చుకునే క్లబ్బు ఒకటుంది. అక్కడ కౌంటర్లో కూర్చునే మలయాళీ ఆయన చేశాడు. "మేడం, అంకుల్ ఎక్స్‌పయిర్డ్" అన్నాడు. నేను పనిచేసేది మందుల కంపెనీలో. మాకు ఎక్స్‌పయిర్ అయ్యేవి సీసాలూ మాత్రల అట్టలూ. ఏ అంకుల్ అని అడగబోయి ఆగిపోయాను. ఆ క్లబ్బులో నాకు మనిషి అంటూ ఉన్నది ఒక్కడే.

కాక. కిందటేడే వీసా క్యాన్సిల్ చేయించుకుని జగిత్యాల వైపు తన ఊరికి వెళ్ళిపోయాడు. పొలం దగ్గరికి పోయొచ్చి, గడప పక్కన కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. నేను మెషీన్ ఆన్ చేయడం మర్చిపోయి అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. మా ఆయన వంటింట్లోంచి వచ్చి ఎవరని అడిగాడు. ఏం చెప్పాలి? చుట్టం కాదు, మా ఊరు కాదు, మాది కాకినాడ అయితే ఆయనది ఇంకో మూల. రెండేళ్ళలో ఏ పదిహేను సార్లో కలిసి ఉంటాను. మా నాన్న పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు, అంతే చెప్పగలను.

నేను మొదటిసారి చూసింది కరోనా తగ్గి మాస్కులు గడ్డం కిందికి దిగిన రోజుల్లో. మా ఆఫీసు వాళ్ళు అందరినీ బస్సెక్కించి ఆ క్లబ్బుకి తీసుకెళ్ళారు. ఏడాదిన్నర పాటు ఇళ్ళలో కూర్చుని ఒకరి మొహాలొకరు మర్చిపోయారు కదా, కలిసి తుపాకులు పేలిస్తే కలిసిపోతారని ఎవరో మహానుభావుడి ఆలోచన. మా మేనేజరు ఆడవాళ్ళందరికీ చిన్న పిస్టల్ చాలని రాయించాడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్న వాటిలో పెద్దది ఏదో అదే నాకు కావాలని కౌంటర్లో గట్టిగా చెప్పాను. అప్పటిదాకా నేను పేల్చింది దీపావళికి తాటాకు టపాకాయలే.

అప్పుడు వచ్చాడు కాక. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న క్లబ్బు చొక్కా, చేతులకు తెల్లటి నూలు తొడుగులు. ఆయన అక్కడ నేర్పించే మాస్టరు కాదు. ఆ ఉద్యోగాల్లో మిలిటరీ నుంచి వచ్చిన ఫిలిప్పినోలూ పాకిస్తానీలూ ఉండేవాళ్ళు. ఈయన తుపాకులు తుడవడం, తూటాలు నింపి ఇవ్వడం, కింద పడ్డ ఖాళీ తూటా గొట్టాల్ని వెడల్పాటి చీపురుతో ఊడ్చి పెయింటు బకెట్లలో వేరు చేయడం చేసేవాడు. కానీ మొదటిసారి వచ్చిన వాళ్ళని మాస్టర్లే ఆయనకు అప్పగించేవాళ్ళు. పక్కన ఆయన నిలబడితే వాళ్ళు బెదరరని అందరికీ తెలుసు.

నా ఫారం చూసి, నన్ను చూసి, "తెలుగోళ్ళా?" అన్నాడు.

"అవునండీ."

"పెద్దదాన్ని తెమ్మన్నది నువ్వేనా?"

తుపాకులకి ఆయన ఆడపిల్లల వరసలు పెట్టుకున్నాడు. అన్నిటికన్నా బుల్లిది చిన్నది, రోజూ నలిగే పిస్టల్ నడిపిది, మాగ్నం రివాల్వర్ పెద్దది. పెద్దదానికి కోపమెక్కువ, కాని మనసుల ఏం పెట్టుకోదని చెప్పేవాడు.

"పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగాడు.

ఏమీ తినలేదన్నాను. జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టి, బెంచీ మీద కూర్చుని మెల్లగా తినమన్నాడు. "కడుపు ఖాళీ ఉంటే చెయ్యి ఒణుకుతది. నువ్వేమో తుపాకి ఒణికిందనుకుంటవ్." తర్వాత ఎన్నోసార్లు చూశాను, ఎవరొచ్చినా ఇదే వరస. పాకిస్తానీని "నాస్తా కియా?" అని, తెల్లవాణ్ణి "బ్రేక్‌ఫాస్ట్ ఫినిష్?" అని అడిగేవాడు. ఒకసారి ఖరీదైన కారులో వచ్చిన అరబ్బు యువకుడొకడు తినలేదని తల అడ్డంగా ఊపితే, అతనికీ ఖర్జూరం ఇచ్చి కూర్చోబెట్టాడు. అతనూ బుద్ధిగా కూర్చుని తిన్నాడు.

ఆరు గదులున్న రివాల్వర్లో ఆయన ఒకే ఒక్క తూటా వేసేవాడు. మొదటిసారి పట్టుకున్న వాళ్ళకి అంతకు మించి ఇవ్వడు. పెద్దది పేలినప్పుడు చెయ్యి పైకి లేచిపోతుంది, ఆ కంగారులో వేలు ఇంకోసారి నొక్కుకుందంటే రెండో తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఒక్కటే ఉంటే ఆ గొడవ లేదు. పైగా ఆ ఒక్కటి ఏ గదిలో ఉందో మనకి తెలియకుండా చక్రం తిప్పి మూసేవాడు. దీంతో డబ్బు కట్టిన వాళ్ళు కొందరు విసుక్కునేవాళ్ళు. మా ఆఫీసు వాళ్ళు ఆ రోజే ఆయనకి ఒక్క తూటా కాక అని పేరు పెట్టేశారు.

చెవులకి డొప్పలు, కళ్ళకి అద్దాలు పెట్టించి, నా చేతుల్లో దాన్ని పెట్టాడు. అంత బరువుంటుందనుకోలేదు. ఎదురుగా కాగితం మీద మనిషి ఆకారం, గుండె దగ్గర నల్లటి గుండ్రం. నేను మా మేనేజరుని తలుచుకుని మీట నొక్కాను.

టిక్ మంది. అంతే. పేలలేదు. కానీ నా చేతుల్లో తుపాకి మూతి జానెడు కిందికి వంగిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి, భుజాలు చెవుల దాకా వచ్చాయి. పక్కకి చూస్తే కాక నవ్వుతున్నాడు. చెవులు మూసి ఉన్నాయి కనక చేత్తో చెప్పాడు. తుపాకి వైపు చూపించి వేలు అడ్డంగా ఊపాడు, నా వైపు చూపించి గుప్పిలి తెరిచి వేళ్ళు ఎగరేశాడు. తుపాకి పేలలేదు, నువ్వు పేలావు అని. నాకు సిగ్గేసింది. రెండోసారీ టిక్కే. ఈసారి మూతి కొంచెమే వంగింది. మూడోసారి నేను మేనేజరునీ మర్చిపోయాను, కాగితాన్నీ మర్చిపోయాను, నా వేలు ఒక్కటే గుర్తుంది.

అది పేలింది. చప్పుడు చెవికన్నా ముందు ఛాతీకి తగిలింది. అరచేతులు ఎవరో చెక్కతో కొట్టినట్టు చుర్రుమన్నాయి, రివాల్వర్ నా నుదుటి ఎత్తుకి లేచింది, మూతి దగ్గర నిప్పు కనిపించి పోయింది. నేను దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. పెట్టాక ఏడుపొచ్చింది. ఆ ఏడాదిన్నరలో ఇంట్లో, విడియో కాల్లో మా నాన్న అంత్యక్రియలు చూసినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడే ఎందుకొచ్చిందో నాకు తెలియదు. కాక నా వైపు వీపు పెట్టి, తుడిచిందే తుడుస్తూ, నేను ముక్కు చీదుకునే దాకా తిరిగి చూడలేదు.

బయటికొచ్చాక, "బాబాయ్ గారూ, మీరు రోజుకి ఎన్నిసార్లు పేలుస్తారండీ?" అని అడిగాను.

"బాబాయ్ గీబాయ్ ఏంది, కాకా అను. మీ దిక్కోళ్ళు అన్నిటికి అండీ అండీ అంటరు. తుపాకికి గూడ పేలండీ అంటవా?" అని కాసేపు ఆట పట్టించి, తర్వాత మామూలుగా చెప్పాడు. "నేను ఒక్కపారి గూడ పేల్చలే బిడ్డా."

నమ్మలేదు నేను. తొమ్మిదేళ్ళుగా తుపాకుల మధ్య ఉన్న మనిషి. ఆ కథ అంతా వినడానికి నాకు నాలుగైదు శనివారాలు పట్టింది. పులిహోర చేసుకుని వెళ్ళేదాన్ని. క్లబ్బు వెనక ఏసీ డబ్బాల నీడలో బకెట్లు బోర్లించుకుని కూర్చునేవాళ్ళం. ఆయన తినేటప్పుడు తొడుగులు విప్పి మడిచి జేబులో పెట్టుకునేవాడు, తినడం కాగానే మళ్ళీ తొడుక్కునేవాడు.

ఆయన భార్యకి ఒక్కడే అన్న. వాళ్ళ వైపు ఊళ్ళలో నక్సలైట్లకీ పోలీసులకీ మధ్య తుపాకుల కాలం నడిచినప్పుడు, ఒక రోజు తెల్లవారాక పొలానికి మోటరు పెట్టబోయి, ఎటునుంచో వచ్చిన మొదటి తూటాకే పోయాడు. ఎవరి తూటానో ఇవాళ్టికీ తెలియదు. ఈమె ఇంట్లో వాకిలి ఊడుస్తూ ఆ చప్పుడు విన్నది. అప్పటికి కాకకి పెళ్ళయి ఏడాది. ఆ తర్వాత కొన్నాళ్ళకి హోంగార్డులో మనుషుల్ని తీసుకుంటున్నారంటే ఈయన పోతానన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. తుపాకి ముట్టనని, పేల్చనని ఒట్టు వేయించుకుంది. ఆ ఆలోచన వదిలి, ఈయన అప్పో సప్పో చేసి దుబాయ్ వచ్చాడు. కల్బా అనే ఊళ్ళో ఇళ్ళు కట్టే పనిలో ఇరవయ్యేళ్ళు ఇసుకా సిమెంటూ మోశాడు. నడుం పట్టేశాక ఎవరో తెలిసినవాళ్ళు క్లబ్బులో సాఫ్ సఫాయి పని ఉందన్నారు.

"క్లబ్బు అంటే బ్యాటుతోని ఆడేదనుకున్న. అచ్చి చూస్తే తుపాకులు. ఏం జేద్దు?"

"మరి ఒట్టు?"

రెండు చేతులూ నా ముందు చాపాడు. "ముట్టలే గద. బట్ట ముట్టింది."

నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. ఇంటి దగ్గర మాత్రం బ్యాట్ల క్లబ్బులోనే పని అని చెప్పాడు. ఆమె దీపావళి వస్తే తలుపులేసుకుని చెవుల్లో దూది పెట్టుకుంటుందట. అలాంటి మనిషికి ఎలా చెప్తాడు?

క్లబ్బుకి కొత్త ముదీర్ రాకపోతే అది అలాగే నడిచిపోయేది. ఈ మేనేజరు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. చెడ్డవాడు కాదు, రూలు మనిషి. గీత మీద, అంటే కాల్చే వాళ్ళ పక్కన, నిలబడే ప్రతివాడూ ఇక్కడున్న ప్రతి తుపాకీ తన ముందు పేల్చి చూపించాలన్నాడు. చూపించలేని వాడికి క్యాన్సిల్. గల్ఫులో క్యాన్సిల్ అంటే ఒకటే అర్థం, వీసా కొట్టేసి విమానం ఎక్కిస్తారు. కాకకి చిన్న కూతురి నర్సింగ్ చదువు ఇంకో ఏడాది ఉంది. చిన్నదీ నడిపిదీ అయితే నవ్వుతూ పేల్చేయచ్చు, ఆ పెద్దదాన్ని కూడా పేల్చచ్చు. ఒట్టు సంగతే ఏం చేయాలో తోచక నాకు ఫోన్ చేశాడు.

"చెప్పకండి కాకా. ఒక్క రోజు పని. తొడుగులు వేసుకుని పేల్చేయండి. ఆవిడకి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

కాక ఒప్పుకోలేదు. "ఇన్నొద్దులు బట్ట ముట్టింది అనుకున్న బిడ్డా. పేల్చేది బట్ట గాదు గద, నేనే గద. అచ్చే శనివారం నువ్వు జెర రా. నేను ఇంటికి ఫోను చేస్త, నువ్వు మాట్లాడు. ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకుంటే మంచిగుంటది."

ఒప్పుకున్నాను గానీ ఆ వారమంతా ఏ మాట ఎలా చెప్పాలో వల్లె వేసుకుంటూ గడిపాను. ముప్పై ఏళ్ళు నమ్మిన మనిషికి, నీ మొగుడు తొమ్మిదేళ్ళుగా తుపాకుల్లో ఉన్నాడని ముక్కూ మొహం తెలియని నేను చెప్పాలి. ఆమె కాదంటే ఈయన పేల్చడు. పేల్చకపోతే ఇంటికే.

శనివారం తొమ్మిదింటికి పరీక్ష. ఎనిమిదిన్నరకి ఏసీ డబ్బాల వెనక నిలబడి భార్యకి విడియో కాల్ చేశాడు. సన్నటి మొహం, నెత్తి మీద కొంగు, ఒళ్ళో చాటలో బీడీ ఆకు. నన్ను చూసి, "ఎవలు?" అంది.

నేను అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. "చిన్నమ్మా, కాక పనిచేసే క్లబ్బు..." అని మొదలుపెట్టి తడబడ్డాను.

"తుపాకులదేనాయె" అంది ఆమె. చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి.

కాక ఫోన్ మీదికి వంగాడు. "నీకెట్ల ఎరుక?"

"సుట్టీ మీద అచ్చినప్పుడల్ల నీ బట్టలు ఉతికింది ఎవలు? మూడు నీళ్ళు తీసినా తూటా మందు వాసన పోకపాయె. మా అన్న అంగికి గదే వాసన. నాకెరుక గాదా?"

"మరి ఎన్నడు అడుగకపోతివి?"

"అడిగితే నువ్వు పని ఇడిసిపెట్టి అస్తువు. పిల్లలేం తింటరు?" అంది. తర్వాత కొంచెం మెత్తబడి, "నువ్వు చెప్తవేమోనని చూసిన. గంతే."

ఆ తర్వాత నేనే పూసగుచ్చినట్టు చెప్పాను, ముదీర్ సంగతి, పరీక్ష సంగతి, కూతురి చదువు సంగతి. ఆమె చాట పక్కన పెట్టేసి విన్నది. కాక నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒట్టు తీసిన" అంది చివరికి. "పేల్చు. కాని ఫోను బంద్ వెట్టకు బిడ్డా, నీ చేతులనే ఉండనీ. నేను గా సప్పుడు ఇంట."

వద్దని కాక బతిమాలాడు. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకునేదానివి, నీకెందుకే అన్నాడు. ఆమె వినలేదు.

ముదీర్ పెద్దదాన్నే బయటికి తీసి, ఇది పేలిస్తే చాలని, తనే తూటాలు నింపాడు. ఎన్ని నింపాడో చెప్పలేదు, చక్రం తిప్పి మూశాడు. కాక విద్యే కాక మీద ప్రయోగించాడన్నమాట. కాక గీత మీదికి వెళ్ళి, తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఉత్త చేతుల్తో దాన్ని అందుకుని ఒక్క క్షణం అలాగే పట్టుకున్నాడు. నేను వెనక డొప్పలు పెట్టుకుని, ఫోన్ గుండెకి ఆనించుకుని నిలబడ్డాను.

మొదటిది టిక్. వేలమంది చేతుల్లో భయాన్ని చూసి నవ్విన మనిషి చేతుల్లో ఆ మూతి మూరెడు కిందికి దిగిపోయింది. కాక మెల్లగా తల తిప్పి మా వైపు చూసి, ఒక చేత్తో తనని చూపించుకుని, గుప్పిలి తెరిచి వేళ్ళు ఎగరేశాడు. ముదీర్ కూడా నవ్వాడు. ఆ తర్వాత అది పేలింది. మళ్ళీ పేలింది. ఒక్కో చప్పుడుకీ ఫోన్లో ఆమె ఏమవుతోందోనని నా ప్రాణం ఫోన్ మీదే ఉంది. ఐదు తూటాల్లో నాలుగు కాగితం మీద పడ్డాయి, ఒకటి ఎటుపోయిందో. "ఖలాస్, మబ్రూక్" అని అరబ్బీలో అభినందించి, ముదీర్ ఆయన భుజం తట్టి సంతకం చేయడానికి లోపలికి వెళ్ళాడు.

మేం బయటికి వచ్చాం. కాక అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఫోన్ ముందుకి పట్టుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"అయిపోయిందే" అన్నాడు కాక.

"ఒక మాట చెప్తవా?" అంది ఆమె. "గప్పుడు మా అన్నకు గూడ గిట్లనే ఇనవడ్డదా? గీ సప్పుడు ఇని బెదిరి, ఉరకబోయిండా? ఇన్నేండ్ల సంది నాకు గదే ఉంటది మనసుల. ఎంత బెదిరిండో అని."

కాక తడుముకోకుండా చెప్పాడు.

"లేదే. ఇనలేడు. నేను అచ్చిన కొత్తల బయటి మైదానంల, మట్టి కట్ట ఎనుక కూసోని కాగితాలు మార్చిన. దూరం నుంచి పెద్ద తుపాకులు కొడుతరు. ముందుగాల కాగితం చినుగుతది, గప్పుడు సప్పుడు అస్తది. ఎన్నిసార్లు చూసిన్నో. తూటా సప్పుడుకన్న ముందు ఉరుకుతది. తగిలినోనికి సప్పుడు అందది. మీ అన్నకు ఏం ఇనరాలే. మోటరు పెట్టాలె అనుకుంటనే పోయిండు."

ఆమె నా వైపు చూసింది. "నిజమేనా బిడ్డా?"

నాకు తూటాల శాస్త్రం తెలియదు. "నిజమే చిన్నమ్మా" అన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను, నిజమే.

ఆమె కొంగు తీసేసి మొహమంతా తుడుచుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది, గట్టిగా, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా. ఆ ఏడుపు మధ్యలోనే అడిగింది.

"తొమ్మిదేండ్ల సంది నీకు ఎరుకేనాయె. నాకు ముందుగాలనే చెప్పకపోతివి?"

"తుపాకి ముచ్చట నీ కాడ ఎట్ల తీద్దునే" అన్నాడు కాక.